ఘాట్ రోడ్డు నేర్పినది మంచులో ఎంతవరకు పనికొస్తుంది?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో కారు నేర్చుకున్నవారికి కొండ దారి అంటే బెదురు ఉండదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగూడ మీదుగా జయపురం దాకా వానాకాలంలో బండి నడిపినవారు ఇక ఏ కొండనైనా ఎక్కగలమనే అనుకుంటారు. ఆ ధీమాతోనే కొందరు చలికాలం సెలవుల్లో మనాలీ వెళ్లి, అక్కడి మంచులోనూ చిన్న కారు నడపడానికి సిద్ధపడుతున్నారు. చదువుకో ఉద్యోగానికో కెనడా, జర్మనీ వెళ్లిన పిల్లలు మొదట కొనే పాత కారు కూడా చాలాసార్లు ముందు చక్రాలతో నడిచే చిన్న బండే. నవంబరు వచ్చేసరికి ఇంటికి ఫోను వస్తుంది: "నాన్నా, ఈ బండి మంచులో నడుస్తుందా? ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది కొనమంటారా?"

సరైన టైర్లు వేస్తే ఆ చిన్న బండి చాలు. ఇబ్బంది పెట్టేవి మన చేతికీ కాలికీ పట్టిన అలవాట్లు. ఘాట్ నేర్పిన వాటిలో కొన్ని మంచులో ప్రాణం కాపాడతాయి, ఒకటి రెండు మాత్రం నేరుగా లోయ అంచుకు తీసుకుపోతాయి. ఏవి ఎటువంటివో తేలాలంటే ముందు చక్రాలు చేసే పని ఏమిటో చూడాలి.

మన దేశంలో ముందు చక్రాల డ్రైవు 1983 చివరలో మారుతి 800తో ఇంటింటికీ పరిచయమైంది. అంతకు ముందు తరం నడిపిన అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో ఇంజను ముందున్నా తోసేది వెనుక చక్రాలే. ఇప్పుడు ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో అన్నీ ముందు చక్రాలతో లాగేవే. మన వైపు పల్లెలకు సవారీలు, సరుకులు మోసే బొలెరో, ఈకో మాత్రం నేటికీ వెనుక చక్రాల బండ్లే. ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఊళ్లో పెద్ద డ్రైవర్లు ఇచ్చే సలహాలు చాలావరకు ఆ వెనుక చక్రాల బండ్లు నేర్పినవి.

చిన్న కారులో ఇంజను, గేరుబాక్సు రెండూ ముందు ఇరుసు మీదే కూర్చుంటాయి. ఖాళీ బండి బరువులో సుమారు అరవై శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. లాగే చక్రం మీద బరువు ఎంత ఉంటే అది నేలను అంత గట్టిగా పట్టుకుంటుంది. జారే నేల మీద కదలడానికి ఈ అమరిక బాగా అనుకూలం. 1960లలో మాంటే కార్లో ర్యాలీని మంచు కొండల్లో సాబ్, మినీ లాంటి ముందు చక్రాల చిన్న బండ్లు గెలుచుకున్నాయి. సాబ్ 1962, 1963లలో, మినీ 1964, 1965, 1967లలో. వాటిలో చాలా ఎక్కువ శక్తి ఉన్న ఇంజన్లేమీ లేవు. బరువు ఉండవలసిన చోట ఉంది, అంతే.

అనుకూలతలోనే చిక్కూ ఉంది. ఆ రెండు చక్రాలే బండిని లాగాలి, అవే తిప్పాలి, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని కూడా అవే చేయాలి. టైరు నేలను తాకే మేర అరచేయి కన్నా పెద్దది కాదు. అంత చోటు ఇచ్చే పట్టుకు ఒక హద్దు ఉంటుంది. ఒకే జీతంతో మూడు ఖర్చులు నెట్టుకొచ్చే ఇంటి వ్యవహారం అది: లాగడానికి అంతా ఖర్చు పెడితే తిప్పడానికి మిగలదు. ఎండిన తారు మీద ఆదాయం పుష్కలం కనుక ఎవరూ లెక్క చూడరు. మంచు మీద ప్రతి పైసా లెక్కే.

ఎంత తగ్గుతుందో అంకెల్లో చూడవచ్చు. ఎండిన తారు రోడ్డు మీద పట్టు గుణకం, అంటే టైరు మీది బరువులో ఎన్నో వంతు పట్టుగా దొరుకుతుందో చెప్పే అంకె, సుమారు 0.8 ఉంటుంది. వాన పడితే 0.4 నుంచి 0.6 దాకా దిగుతుంది. తొక్కుడుకు గట్టిపడిన మంచు మీద 0.2, నున్నటి మంచుగడ్డ మీద 0.1 లేదా ఇంకా తక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు వేశాక ఎండిన రోడ్డు మీద 8 మీటర్లలో ఆగగలదు. గట్టిపడిన మంచు మీద 31 మీటర్లు పోతుంది. మంచుగడ్డ మీద 60 మీటర్లు దాటుతుంది. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే ఆ లోపల గడిచే 11 మీటర్లు దీనికి అదనం.

ఇప్పుడు దీనికి వాలు కలపండి. నూరు మీటర్లకు ఎనిమిది మీటర్లు దిగే దారి అనుకుందాం. ఆ దిగుడు మనకున్న పట్టులోంచి 0.08 తీసేసుకుంటుంది. ఎండిన రోడ్డు మీద 0.8లోంచి అంత పోతే ఆగే దూరం ఒక మీటరు కూడా పెరగదు. మంచు మీద 0.2లోంచి పోతే 31 మీటర్లు 52 అవుతాయి. మంచుగడ్డ మీద 0.1లోంచి పోతే మిగిలేది 0.02, అంటే 300 మీటర్ల పైమాట, ఆగదనే అర్థం. సుంకి ఘాట్‌లో ఎన్నేళ్లు తిరిగినవారికైనా వాలు చేసే ఈ దోపిడీ కాలికి తెలియకపోవడానికి కారణం ఇదే. అక్కడ నష్టం అంత చిన్నది.

మన వైపు దీనికి కాస్త దగ్గరగా వచ్చేవి రెండున్నాయి. ఎండాకాలం తర్వాత మొదటి వాన పడినప్పుడు, లారీ టైర్లు తారు మీదికి తెచ్చిపోసిన ఎర్రమట్టి నాని జిగట బురద అవుతుంది. ఒక గట్టి వాన దాన్ని కడిగేసేదాకా ఏ మలుపునూ నమ్మకూడదు. రెండోది పంట కోతల కాలంలో ఊళ్ల దగ్గర రోడ్డు మీద పరిచే వరి కంకులు, రాగి వెన్నులు. వచ్చే పోయే బండ్లతోనే నూర్పిడి చేయించే ఆ పద్ధతి మీద నాకు కోపమే గాని, ఆ గడ్డి మీద బ్రేకు వేసినవారికి బండి మాట వినకపోవడం అంటే ఏమిటో ఒక్క క్షణం తెలిసి ఉంటుంది. 1,672 మీటర్ల దేవమాలి శిఖరం ఉన్న జిల్లా మాది. చలికాలం తెల్లవారుజామున పొగమంచులో బానెట్ కూడా కనిపించదు. అయినా ఆ పొగమంచు కింద తారుకు పట్టు ఉంటుంది. హిమాలయాల్లో తరచూ దీనికి తిరగబడిన పరిస్థితి: ఆకాశం నిర్మలం, దారి అద్దంలా స్పష్టం, చక్రం కింద ఏమీ లేదు.

అక్కడ మంచు ఒకే రకంగా ఉండదు. తాజాగా పడిన పొడి మంచు మెత్తగా ఉండి కొంత పట్టు ఇస్తుంది. సున్నా డిగ్రీల చుట్టుపక్కల, పైన నీటి పొర ఏర్పడే మంచుగడ్డ అన్నిటికన్నా జారుడు. మైనస్ ఇరవైలో అదే గడ్డ కాస్త నయం. పగలు కరిగిన నీరు రాత్రి తారు మీద పలుచని పొరగా గడ్డకడితే దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. కింది తారు నలుపు కనిపిస్తుంది కనుక తడి రోడ్డే అనుకుంటాం. వంతెనల మీద, ఎండ తగలని కొండ నీడ మలుపుల్లో ఇది ముందుగా వస్తుంది, చివరగా పోతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. పట్టు 0.2 ఉన్న మంచు మీద, బరువులో అరవై శాతం ముందున్న చిన్న కారు సుమారు 11 శాతం ఎక్కుడు దాకా ఎక్కగలదు. నాలుగు చక్రాలూ లాగితే దాదాపు 20 శాతం. ఎక్కే విషయంలో తేడా నిజమే, పెద్దదే. ఆగే విషయంలో తేడా లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, టైర్లు ఒకటే అయితే ఆగే దూరమూ ఒకటే. మలుపు తిరిగే హద్దు కూడా దాదాపు అంతే. ఇంకో మాట, ఫోర్ వీల్ డ్రైవ్ బండి తాను క్షేమంగా దిగలేని చోటికి కూడా ఎక్కేస్తుంది. చిన్న కారు చక్రాలు మధ్యలోనే ఉత్తగా తిరిగి, వెనక్కి వెళ్లమని చెబుతాయి. నా దృష్టిలో ఇది లోపం కాదు. మంచు పడిన తర్వాత మనాలీ దగ్గరి సోలాంగ్ నుంచి అటల్ సొరంగం వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనో గొలుసులు కట్టిన బండ్లనో మాత్రమే పోలీసులు పంపుతుంటారు. ఆపినప్పుడు వాదనకు దిగకుండా స్థానిక టాక్సీ ఎక్కితే సరిపోతుంది.

ఎక్కుడు విషయంలో మన పాత డ్రైవర్ల సలహా ఒకటి చిన్న కారుకు పనికిరాదు. బురదలో జీపు జారుతుంటే వెనుక రెండు బస్తాలు వేయడం వాళ్ల అలవాటు. వెనుక చక్రాలు తోసే బండికి అది సరైన పనే. ముందు చక్రాల కారు డిక్కీలో ఇసుక బస్తా వేస్తే, అది వెనుక ఇరుసుకు అవతల కూర్చుని ముందు భాగాన్ని పైకి లేపుతుంది. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే అరవై శాతం యాభైకి దిగిపోతుంది. మంచు ఎక్కుడులో ఇరుక్కున్నప్పుడు వెనుక కూర్చున్నవారిని దించేసి నడవమనడం మొదటి వైద్యం. రెండోది వినడానికి వింతగా ఉంటుంది: దారి ఖాళీగా, పొట్టిగా ఉంటే రివర్సు గేరులో ఎక్కడం. అప్పుడు లాగే చక్రాలు పల్లం వైపు ఉంటాయి, వాలు వల్ల బరువు వాటి మీదికే జారుతుంది. ఘాట్‌లో ఎవరూ చేయని పని కాబట్టి మనవారికి తోచదు.

కదిలేటప్పుడు రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదిలి, యాక్సిలరేటర్ మీద కాలు ఉందో లేదో అన్నట్టు కదలాలి. చక్రం ఒక్కసారి ఉత్తగా తిరిగిందంటే కింద మంచు కరిగి నున్నబడుతుంది. ఆ తర్వాత గట్టిగా తొక్కే ప్రతి తొక్కుడూ గుంటను లోతు చేస్తుంది. ఎక్కుడు మొదలయ్యే ముందే కొంచెం ఊపు తీసుకుని, మధ్యలో ఆగకుండా, గేరు మార్చకుండా పైకి చేరాలి. ఇంతవరకు ఘాట్ పాఠమే.

దిగుడులో ఆ పాఠం తిరగబడుతుంది. "ఎక్కిన గేరులోనే దిగు, దిగుడులో క్లచ్ నొక్కకు, న్యూట్రల్ మాట తలచకు." ఈ మాటలు వినకుండా మా వైపు ఎవరూ లైసెన్సు తెచ్చుకోలేదు. ఘాట్‌లో ఇది అక్షరాలా నిజం. పొడవైన దిగుడులో బ్రేకు తొక్కుతూనే ఉంటే డిస్కులు, లైనర్లు కాలిపోయి బ్రేకు పట్టదు. అందుకే భారం ఇంజను మీద వేస్తాం.

మంచు మీద ఇరవై, ముప్పై వేగంతో దిగేటప్పుడు బ్రేకులు కాలిపోయే ప్రశ్నే లేదు. టైరు జారే లోపు బ్రేకు పెట్టగలిగే బలమే అతి తక్కువ. కనుక ఆ నియమానికి మూలమైన కారణం అక్కడ ఉండదు. పైగా ముందు చక్రాల కారులో ఇంజను బ్రేకింగ్, అంటే తక్కువ గేరులో ఇంజనే బండిని నిదానింపజేసే బలం, అంతా ముందు రెండు చక్రాల మీదే పడుతుంది. మలుపు తిప్పవలసినవీ అవే. మూడో గేరులోంచి రెండుకు దించి క్లచ్ ఠక్కున వదిలితే, ఎండిన రోడ్డు మీద తల కాస్త ముందుకు ఊగుతుంది, అంతే. మంచుగడ్డ మీద ముందు చక్రాలు తిరగడం తగ్గి జారడం మొదలవుతుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. కాలితో వేసే బ్రేకు అయితే భారాన్ని నాలుగు చక్రాలకూ పంచుతుంది, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాపలా కూడా ఉంటుంది. ఇంజను బ్రేకింగ్‌కు చాలా చిన్న కార్లలో అటువంటి కాపలా లేదు.

అందుకని తక్కువ గేరు వద్దని కాదు. దిగుడు మొదలవక ముందే, నడక వేగంలో ఉండగానే ఆ గేరు వేసుకోవాలి, మధ్యలో దించకూడదు. దానికి తోడు కాలి బ్రేకును తేలికగా, తడవతడవకు ఆనించాలి. ఇంత చేసినా ముందు భాగం జారితే క్లచ్ నొక్కాలి. ఘాట్‌లో తప్పన్న ఆ పనే అక్కడ కాపాడుతుంది. ఇంజను విడిపోగానే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, తిరిగే చక్రమే మలుపు తిప్పగలదు. హిమాలయాల్లో చిక్కేమిటంటే ఒకే దిగుడులో కిలోమీటరు ఎండిన తారు, వంద మీటర్లు మంచుగడ్డ కలిసి వస్తాయి. తారు మీద పాత నియమం, నీడ మలుపులో కొత్తది. రెండిటి మధ్య మారగలిగేంత నెమ్మదిగా పోవడం తప్ప దారి లేదు.

జారడం రెండు విధాలు. ముందు భాగం జారితే బండి మలుపు వదిలి బయటి అంచుకు పోతుంది. చేయి ఇంకా ఎక్కువ తిప్పబోతుంది, కాలు బ్రేకును అదుముతుంది. రెండూ ఉన్న కొద్ది పట్టును మింగేస్తాయి. కాలు నెమ్మదిగా తీసి, స్టీరింగ్‌ను కాస్త వెనక్కి తిప్పి, చక్రాలకు పట్టు చిక్కేదాకా ఆగాలి. ఆ అర సెకను నిదానం చాలా కష్టం. వెనుక భాగం జారడం అరుదు గాని ఎక్కువ ప్రమాదం. మలుపు మధ్యలో కాలు ఒక్కసారిగా తీసేసినా, బ్రేకు వేసినా బరువంతా ముందుకు వచ్చి వెనుక తేలికై తిరిగిపోతుంది. చూపు పోవలసిన దారి మీద పెట్టి అటే స్టీరింగ్ తిప్పాలి. బ్రేకు జోలికి పోకుండా కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రాలు బండిని లాగి తిన్నగా చేస్తాయి.

ఈ రెండో ప్రమాదాన్ని మన టైరు అలవాటు పెంచుతుంది. ముందు టైర్లు త్వరగా అరుగుతాయి కనుక రెండే కొత్తవి కొంటే ముందే వేయిస్తాం. జారే రోడ్డుకు బాగున్న జత వెనుక ఉండాలి. ముందు జారితే నడిపేవారికి తెలుస్తుంది, వెనుక జారితే తెలిసేసరికి బండి అడ్డం తిరిగి ఉంటుంది. మంచు దేశాల్లో శీతాకాలపు టైర్లు రెండు కాకుండా నాలుగూ వేయమనడం ఇందుకే.

ఆ టైర్ల విషయంలో మాత్రం పొదుపు వద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి. మామూలు టైరు రబ్బరు ఏడు డిగ్రీల కన్నా చలి పెరిగితే బిరుసెక్కుతుంది, శీతాకాలపు రబ్బరు మెత్తగానే ఉంటుంది. దాని మీద సన్నని చీలికలు వందలాదిగా ఉండి మంచును తమలో ఇరికించుకుంటాయి. మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది కాబట్టి పట్టు పెరుగుతుంది. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉన్నదే అసలైనది. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వీటిని వేయడం చట్టం. మన దేశంలో టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఆస్ట్రియాలో శీతాకాలపు టైరుకు కనీసం 4 ఉండాలి. నాలుగు మంచి టైర్లున్న చిన్న కారు అరిగిన టైర్ల ఫోర్ వీల్ డ్రైవ్ కన్నా మేలు, డబ్బు ఎటు పెట్టాలన్న సందేహం ఉంటే అది ఇక్కడ తీరిపోవాలి. వెడల్పు టైర్లు, అలాయ్ చక్రాలు చూడటానికి బాగుంటాయి. మంచులో మాత్రం కంపెనీ ఇచ్చిన సన్న టైరే నయం, బరువు చిన్న చోట పడి మంచును కోసుకుని కిందికి దిగుతుంది. గొలుసులు కడితే ముందు చక్రాలకు కట్టాలి, గంటకు 50 దాటకూడదు.

ఏబీఎస్ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటిలో తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోకుండా చూసి స్టీరింగ్ నిలుపుతుంది. పట్టును మాత్రం పుట్టించదు. లోతైన వదులు మంచులో ఆగే దూరాన్ని కాస్త పెంచుతుంది కూడా. బిగిసిన చక్రం ముందు మంచు గుట్టగా పేరుకుని అడ్డుపడే అవకాశం పోతుంది మరి. పెడల్ కింద టకటక కొట్టుకుంటే భయపడి కాలు తీసేయకూడదు. చక్రం ఉత్తగా తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి ఇరుక్కుపోతే మాత్రం దాన్ని తాత్కాలికంగా ఆపి, మొదటి గేరుకూ రివర్సుకూ మార్చి మార్చి ఊపాలి. ముందు చక్రాల కింద కారు మ్యాట్లు వేసినా పని జరుగుతుంది.

చిన్న కారు అడుగు నేలకు 160 నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంతకన్నా లోతు మంచులోకి దిగితే పొట్ట మంచు మీద ఆని చక్రాలు గాలిలో తేలినట్టే. అలా చిక్కుకుని హీటర్ కోసం ఇంజను నడుపుతూ కూర్చోవలసి వస్తే, ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయాలి. గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దారిలో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొద్దిసేపు ఇంజను, కొద్దిసేపు విరామం, ఒక కిటికీ వేలు పట్టేంత తెరిచి ఉండాలి.

మనవారు బయలుదేరే ముందు ఇంటి దగ్గరే చూడవలసింది రేడియేటర్. మన ఎండలకు కూలెంట్ తగ్గినప్పుడల్లా మంచినీళ్లు పోసి పోసి, లోపల దాదాపు నీళ్లే మిగిలి ఉంటాయి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బి ఇంజను బ్లాకునే పగలగొట్టగలదు. సగం కూలెంట్, సగం శుద్ధి చేసిన నీరు కలిపితే మైనస్ ముప్పై అయిదు దాకా భయం లేదు. అద్దం కడిగే నీళ్లకూ గడ్డకట్టని ద్రవం కలపాలి. రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే తడిసిన లైనర్లు డ్రమ్ములకు అతుక్కుపోయి పొద్దున వెనుక చక్రాలు తిరగవు. సమతలం చూసి ఆపి, గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టడమే మేలు. ఆ రాయి పెట్టే పని మాత్రం మన డ్రైవర్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.